డైరీలోని ప్లాను దుకాణంలోకి ఎప్పుడొస్తుంది?

వ్యాపారం మీద మీరు అడిగే ప్రశ్నలకు జవాబులిచ్చే ఈ పేజీకి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే బాధ కనిపించింది. ప్లాను వేసుకున్నాం, బాగానే వేసుకున్నాం, కానీ పని జరగలేదు అని. అందుకే మిగతావి వచ్చే సంచికకు ఉంచి, ఈ ఒక్క విషయం మీద వచ్చిన ఆరు ఉత్తరాలు తీసుకున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి ఊర్లు మాత్రమే ఇస్తున్నాను.

హన్మకొండ నుంచి ఓ సోదరి: "పదకొండేళ్లుగా పిండివంటలు చేసి అమ్ముతున్నాను సార్. సకినాలు, మురుకులు, గరిజెలు, అరిసెలు. పదహారు మంది ఆడవాళ్లు పనిచేస్తారు. పోయిన ఉగాదికి మా అబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని మూడు పేజీల ప్లాను రాసుకున్నాం. ఏడాదిలో హైదరాబాద్‌లో నలభై షాపులకు సకినాలు వేయాలి, ఒక్కో షాపుకు వారానికి పది కిలోలు. కొత్త ప్యాకింగ్ మెషీన్ కూడా కొన్నాం. పది నెలలైంది, ఆరు షాపుల దగ్గరే ఆగిపోయాం, మెషీన్ మీద దుప్పటి కప్పి ఉంది. మా పనివాళ్లకు శ్రద్ధ లేదనిపిస్తోంది. ప్లాను తప్పా, మనుషులు తప్పా?"

జవాబు: అమ్మా, మీరు పంపిన ఆ మూడు పేజీల ఫోటోలు రెండుసార్లు చదివాను. మనుషులు తప్పు కాదు, ప్లాను ఆలోచన కూడా తప్పు కాదు, కానీ అందులో రాసుకోవాల్సినవి రెండు రాసుకోలేదు. శ్రద్ధ లేదన్న మాట మాత్రం నాకు నచ్చలేదని ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే సంక్రాంతి ముందు రాత్రి పదింటిదాకా కూర్చుని సకినాలు చుట్టింది కూడా ఆ ఆడవాళ్లేనని మీ ఉత్తరంలోనే ఉంది.

ఆ పేజీల్లో నేను వెతికింది మనిషి పేరు. ఒక్కచోట కూడా లేదు. "షాపులు పెంచాలి", "ప్యాకింగ్ మార్చాలి", "ఆన్‌లైన్‌లో పెట్టాలి" అని వరసగా రాసుకున్నారు. మన భాషలో ఈ 'చేయాలి' అనే మాటతో ఒక చిక్కుంది, ఎవరు అన్నది చెప్పకుండానే వాక్యం పూర్తయిపోతుంది, రాసినవాళ్లకు పని మొదలైనట్టే అనిపిస్తుంది, పని మాత్రం ఎవరి మీదా పడదు. పేరు లేని పనులన్నీ చివరికి మీ మీదే పడ్డాయి. షాపుల వాళ్లతో మాట్లాడేది మీరే, పిండి పట్టించేది మీరే, మూకుడు దగ్గర నూనె చూసేది మీరే, గల్లా మీద కూర్చునేది మీరే, సాయంత్రం కూలీ లెక్క చూసేదీ మీరే. ఇంకో ముప్పై నాలుగు షాపులు ఇందులో ఎక్కడ పడతాయి చెప్పండి?

ఇంకా పెద్ద విషయం సకినంలోనే ఉంది. మురుకులకు గొట్టం ఉంది, నొక్కితే పడతాయి. సకినం అలా కాదు, గుడ్డ మీద పిండిని వేళ్ల మధ్య తిప్పుతూ వరసలు వరసలుగా చుట్టాల్సిందే, ఆ చెయ్యి అందరికీ రాదు. మీరిచ్చిన అంకెలే వేసి చూశాను. చెయ్యి తిరిగిన ఆమె రోజుకు ఆరు కిలోలు చుడుతుంది, అలాంటివాళ్లు ఏడుగురు, అంటే రోజుకు 42 కిలోలు, ఆరు రోజులకు 252. అందులో 180 కిలోలు హన్మకొండ, కాజీపేట గిరాకీకే పోతున్నాయన్నారు. మిగిలేది 72 కిలోలు. షాపుకు పది కిలోల చొప్పున ఏడు షాపులకు సరిపోతుంది. మీరు ఆరు దగ్గర ఆగారు. అంటే మీ మనుషులు ఎంత చేయగలరో దాదాపు అంతా చేశారు, ప్లానే ఈ లెక్క వేసుకోకుండా నలభై అని రాసింది.

మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు పోయినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. యార్డు ఎంత పెద్దదైనా, ఎన్ని బండ్లు వచ్చినా, కాంటాలు ఎన్ని, తూకం వేసే దడ్వాయిలు ఎంతమంది, హమాలీలు ఎంతమంది అన్నదాన్ని బట్టే రైతు ఆ రాత్రి ఇంటికి పోతాడా, బస్తాల మీదే పడుకుంటాడా అన్నది తేలుతుంది. గేటు వెడల్పు చేస్తే కాంటా వేగం పెరగదు కదా. ఎలియాహు గోల్డ్‌రాట్ అని ఇజ్రాయెల్ భౌతిక శాస్త్రవేత్త ఒకాయన ఫ్యాక్టరీల గురించి జీవితమంతా చెప్పిందీ ఇదే, పని మొత్తంలో ఎక్కడ ఇరుకుందో అక్కడి వేగమే మొత్తం వేగం అని. మీ ఇరుకు చుట్టే చేతుల దగ్గరుంది, మీరు డబ్బు పెట్టింది ప్యాకింగ్ దగ్గర.

కాబట్టి వచ్చే మూడు నెలలు కొత్త షాపుల జోలికి పోవద్దు. చుట్టేవాళ్లను ఏడుగురి నుంచి పన్నెండు మందికి పెంచడం, అదొక్కటే పని. ఎవరు నేర్పిస్తారు? మీరు పెద్దక్క అని రాసిన ఆమె. ఆమెను అడిగి, ఒప్పుకుంటే, ఫలానా తేదీకి ఇద్దరు, ఫలానా తేదీకి మరో ముగ్గురు తయారవ్వాలని ఆమె చేతే చెప్పించండి. నేర్పే రోజుల్లో ఆమె తక్కువ చుడుతుంది, కూలీ తగ్గకూడదు, పైగా ఒక మనిషి తయారైనప్పుడల్లా ఏదైనా కొంత ఇవ్వండి. మరి ఆ మూడు నెలలు ఆమె లోటు ఎలా భర్తీ చేస్తారు? ఇక్కడే కష్టమైన మాట చెప్పాలి. అరిసెలు ఆపండి. పాకం దగ్గర ఇద్దరు కదలకుండా నిలబడాలి, మిగిలేది తక్కువ, పండగలప్పుడు తప్ప అడిగేవాళ్లు కూడా పెద్దగా లేరని మీరే రాశారు. ఆ ఇద్దరిలో ఒకరికి చుట్టే చెయ్యి ఉందో లేదో చూడండి. కొత్త పని మొదలుపెట్టడానికి అందరికీ ఉత్సాహమే, ఉన్నది ఆపడానికి మాత్రం ఎవరికీ చెయ్యి రాదు, పాత గిరాకీ ఏమనుకుంటారో అని. నేను చూసిన ప్లానుల్లో ఎక్కువ భాగం ఇక్కడే ఆగిపోయాయి. ఉన్న పనులన్నీ అలాగే ఉంచి పైన కొత్తది వేస్తారు, నెల తిరగకుండా పాతవి దాన్ని తొక్కేస్తాయి.

మీ అబ్బాయికి ప్లాను రాసే పని కాదు, ఒక చిన్న పని ఇవ్వండి. ప్రతి ఆదివారం ఆ ఆరు షాపులకు వెళ్లి ఎన్ని ప్యాకెట్లు మిగిలాయి, ఎన్ని వెనక్కి ఇస్తున్నారు, ఎందుకు ఇస్తున్నారు అని కనుక్కుని ఆ రాత్రే మీకు చెప్పాలి. ఇంకొకటి, ఒకే రోజు చేసిన ఇరవై ప్యాకెట్లు పక్కన పెట్టి వారానికి రెండు చొప్పున విప్పి తిని చూడండి. ఎన్నో వారంలో నూనె వాసన మొదలవుతుందో తెలియకుండా ప్యాకెట్ మీద తేదీ వేయడం మంచిది కాదు. ఇంటి ముందు అమ్మే సకినం రెండు రోజుల్లో అయిపోతుంది, హైదరాబాద్ షాపులో అది వారాల తరబడి అరలో ఉంటుంది.

శనివారం సాయంత్రం కూలీ ఇచ్చే ముందు అందరూ కూర్చుని టీ తాగే అరగంట ఉంటుంది కదా, అప్పుడు గోడ మీద ఒక బోర్డు పెట్టి మూడే అంకెలు రాయండి. ఈ వారం ఎన్ని కిలోలు చుట్టారు, ఎన్ని ప్యాకెట్లు వెనక్కి వచ్చాయి, ఎంత డబ్బు చేతికొచ్చింది. మీరు రాయొద్దు, వాళ్లలో ఒకరి చేత రాయించండి. మొదటి నెల అంకె తగ్గితే కోప్పడకుండా, ఏం అడ్డమొచ్చిందని మాత్రమే అడగండి. ఒక్కసారి అరిచారంటే తర్వాతి వారం నుంచి మీకు నచ్చే అంకే బోర్డు మీద కనిపిస్తుంది.

మెషీన్ మీద దుప్పటి అలాగే ఉండనివ్వండి. దానికి పెట్టిన డబ్బు గుర్తొచ్చి బాధేస్తుందని తెలుసు, కానీ పన్నెండు మంది తయారయ్యాకే దానికి పని.

కరీంనగర్ నుంచి: "టైల్స్, శానిటరీ సామాను వ్యాపారం. కరీంనగర్‌లో పెద్ద షాపు, జగిత్యాలలో, పెద్దపల్లిలో బ్రాంచీలు. ఇక మీదట విడి గిరాకీ కన్నా మేస్త్రీలు, ఇళ్లు కట్టే కాంట్రాక్టర్ల మీద దృష్టి పెట్టాలని నిర్ణయించాను. ప్రతి నెలా మేనేజర్లను పిలిచి గంటన్నర మాట్లాడతాను. అన్నింటికీ 'సరే సార్' అంటారు. మళ్లీ నెల చూస్తే ఎక్కడిదక్కడే. వీళ్లతో పని ఎలా చేయించాలి?"

జవాబు: ఆ గంటన్నరలో వాళ్లు ఎంతసేపు మాట్లాడారు సార్? మీ ఉత్తరంలో అది లేదు కానీ, నా అంచనా పది నిమిషాలు దాటదు. మన దగ్గర 'సరే సార్' అంటే ఒప్పుకున్నానని కాదు, మీరు చెప్పింది విన్నాను, ఇక నన్ను వదిలేయండి అని కూడా అర్థముంది. ఎప్పుడో ఒకసారి ఎవరో "అది కుదరదు సార్" అని ఉంటారు, అందరి ముందూ చీవాట్లు తిని ఉంటారు, ఆ రోజు నుంచి అందరూ సరే అంటున్నారు. గుర్తు చేసుకుని చూడండి, తప్పకుండా దొరుకుతుంది.

వచ్చే మీటింగ్‌లో మీరు ఐదు నిమిషాల్లో చెప్పాల్సింది చెప్పేసి, "రేపు షాపు తెరవగానే దీని కోసం మొదట ఏం చేస్తావు, దానికి నా దగ్గర నుంచి ఏం కావాలి" అని ఒక్కొక్కరినీ అడగండి. రేపు అనే మాట ముఖ్యం. ఈ నెలలో అంటే ఏదో ఒకటి చెప్తారు. రేపు ఏం చేస్తావంటే, చెప్పడానికి ఏమీ లేకపోతే అక్కడే తెలిసిపోతుంది, అది వాళ్ల తప్పు కూడా కాదు, మన ప్లాను ఇంకా పని అవ్వలేదని అర్థం.

అధికారం సంగతి కూడా చూసుకోండి. జగిత్యాలలో ఒక మేస్త్రీ నలభై బాక్సుల టైల్స్ తీసుకుంటూ బాక్సుకు పది రూపాయలు తగ్గించమన్నాడనుకుందాం. అంటే 400 రూపాయలు. మీ మేనేజర్ సొంతంగా తగ్గించగలడా, మీకు ఫోన్ చేయాలా? మీరు ఫోన్ ఎత్తకపోతే ఆ మేస్త్రీ పక్క షాపు మెట్లెక్కుతాడు, మళ్లీ మీ వైపు రాడు. మేస్త్రీల వ్యాపారం అంటేనే అప్పటికప్పుడు మాట, అప్పటికప్పుడు రేటు, చెప్పిన టైముకి బండి. ఆ మూడింట్లో ఒక్కటీ చేతిలో లేని మనిషికి మేస్త్రీలను తెమ్మని టార్గెట్ పెట్టాం, అతను 'సరే సార్' కాకుండా ఇంకేమంటాడు? బిల్లులో ఇంత శాతం దాకా నన్ను అడగక్కర్లేదు అని ఒక గీత గీయండి. గీత లోపల పొరపాటు చేస్తే నవ్వుతూ మాట్లాడాలి, అది మీకు కష్టమైనా సరే.

టొయోటా ఫ్యాక్టరీల్లో పని పద్ధతిని తీర్చిదిద్దిన తైచీ ఓనో గురించి ఒక విషయం బాగా చెప్పుకుంటారు. నేల మీద సుద్దముక్కతో గుండ్రంగా గీత గీసి, మేనేజర్‌ను అందులో గంటల తరబడి నిలబెట్టి, ఊరికే చూడు, ఏం కనిపిస్తుందో చెప్పు అనేవాడట. మీరు కూడా ఒక రోజు జగిత్యాల షాపులో ఓ మూల కుర్చీ వేసుకుని, పొద్దున తెరిచిన దగ్గర్నుంచి షట్టర్ దించేదాకా కూర్చోండి. ఎవరికీ ఏమీ చెప్పొద్దు, గిరాకీతో మాట్లాడొద్దు. మేస్త్రీ వచ్చాక ఎంతసేపు నిలబడ్డాడు, ఎవరు పలకరించారు, ఎందుకు వెళ్లిపోయాడు, ఒక కాగితం మీద రాసుకోండి. ఆరు నెలల మీటింగుల్లో తెలియనిది ఆ ఒక్క రోజులో తెలుస్తుంది, ఇది నేను ఖాయంగా చెప్పగలను.

నర్సంపేట నుంచి: "విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల దుకాణం, అన్నదమ్ములిద్దరం నడుపుతున్నాం. ఈ ఏడు అమ్మకాలు పెంచాలని ఊర్లు తిరిగే ఇద్దరు కుర్రాళ్లకు కమీషన్ పెట్టాం. అమ్మకాలు బాగా పెరిగాయి. కానీ ఉద్దెర అంతకన్నా పెరిగింది, పంట అమ్మిన తర్వాత కూడా సగం వసూలు కాలేదు. అనుకున్నది జరిగినట్టా, జరగనట్టా?"

జవాబు: జరిగింది. మీరు దేనికి డబ్బు ఇస్తామన్నారో అది జరిగింది.

పదిహేడేళ్లు నేను పత్తి నుంచి గింజ తీసే ఒక జిన్నింగ్ మిల్లులో లెక్కలు చూశాను. ఒక ఏడాది మా యజమాని గట్టిగా అనుకున్నాడు, ఇక నుంచి తడి పత్తి కొనొద్దు, పొడి పత్తే కొనాలి, దూది నాణ్యంగా ఉంటే స్పిన్నింగ్ మిల్లులు మంచి ధర ఇస్తాయి అని. మంచి ఆలోచన. పత్తి సంస్థ సీసీఐ కూడా ఎనిమిది శాతం తేమకు పూర్తి మద్దతు ధర ఇస్తుంది, ఆపైన తగ్గిస్తూ పోతుంది, పన్నెండు దాటితే కొనదు. తడి పత్తి వస్తే జిన్నుల్లో ఇరుక్కుంటుంది, కుప్ప పోస్తే లోపల వేడెక్కి దూది పచ్చబడుతుంది. అందరికీ చెప్పాడు, గోడకు రాసి పెట్టాడు, రెండు సీజన్లు అరిచాడు. తడి పత్తి వస్తూనే ఉంది. ఎందుకంటే కొనుగోలు గుమాస్తాలకు మేం ఇచ్చేది క్వింటాలుకు ఇంత అని. తేమ ఎక్కువున్న బండిని వెనక్కి పంపితే మిల్లుకు లాభం, గుమాస్తాకు నష్టం. ఆ లెక్క రాసి డబ్బులిచ్చింది నేనే, రెండేళ్లు నా కళ్ల ముందే ఉన్నా నాకు తట్టలేదు, అది ఇప్పటికీ బాధే. మూడో ఏడు తేమ మీటర్ రీడింగును బట్టి కమీషన్ మార్చాం. మూడు వారాల్లో బండ్ల వరస మారిపోయింది.

మీ కుర్రాళ్లకు అమ్మకం మీద కాకుండా చేతికొచ్చిన డబ్బు మీద కమీషన్ పెట్టండి. సరుకు ఇచ్చినప్పుడు కొద్దిగా, బాకీ తీరినప్పుడు మిగతాది. అప్పుడు ఏ ఊళ్లో ఎవరికి ఎంతదాకా ఉద్దెర ఇవ్వొచ్చో మీకన్నా వాళ్లే బాగా చూసుకుంటారు.

ఇంకో మాట, ఇది వ్యాపారం కన్నా పెద్దది. పురుగుమందుల మీద అమ్మకాన్ని బట్టి కమీషన్ పెడితే, ఒక్క పిచికారీ చాలిన చోట రెండు అమ్ముతారు. 2021లో మిర్చికి నల్ల తామర పురుగు వచ్చినప్పుడు మన వైపు రైతులు మందు మీద మందు కొట్టి ఎంత అప్పులపాలయ్యారో మీ ఖాతా పుస్తకాల్లోనే ఉంటుంది. అప్పుడు తీరని బాకీల్లో ఎన్ని ఆ మందులవో ఒకసారి తీసి చూడండి. రైతు మునిగితే మీ ఉద్దెరా మునుగుతుంది. కుర్రాళ్ల పని లెక్కించేటప్పుడు పోయిన ఏడు కొన్న రైతుల్లో ఎంతమంది ఈ ఏడు మళ్లీ వచ్చారన్నది కూడా కలపండి.

డబ్బు అంకె ఒక్కటే చూస్తే ఇలాగే మోసపోతామని 1992లోనే రాబర్ట్ కప్లాన్, డేవిడ్ నార్టన్ అనే ఇద్దరు అమెరికాలో రాశారు. డబ్బుతో పాటు గిరాకీ ఏమనుకుంటున్నారు, లోపల పని ఎలా నడుస్తోంది, మనవాళ్లు కొత్తగా ఏం నేర్చుకుంటున్నారు అనే మూడు వైపులా కూడా చూడాలన్నది వాళ్ల పద్ధతి. పెద్ద కంపెనీలు దీనికి పెద్ద పెద్ద పట్టికలు పెట్టుకుంటాయి, మీ దుకాణానికి నోటుపుస్తకంలో నాలుగు గీతలు చాలు.

హన్మకొండ నుంచి ఓ యువకుడు: "తొమ్మిది మందితో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టాను సార్. పెద్ద కంపెనీల్లాగా ఓకేఆర్‌లు, అంటే లక్ష్యాలూ వాటిని కొలిచే ఫలితాలూ, పెట్టాం, ఒక్కొక్కరికి ఐదు. మూడు నెలలకు ఎవరికీ తమవేవో గుర్తులేవు. ఏ యాప్ వాడితే బాగుంటుంది?"

జవాబు: తమ్ముడూ, తొమ్మిదిమందికి ఐదు చొప్పున నలభై ఐదు. ఏ యాప్ అయినా వాటిని భద్రంగా దాచిపెడుతుంది, అంతే. ఈ పద్ధతి 1970లలో అమెరికా చిప్పుల కంపెనీ ఇంటెల్‌లో ఆండీ గ్రోవ్ మొదలుపెట్టింది, అక్కడ పనిచేసిన జాన్ డోర్ 1999లో గూగుల్‌కు నేర్పాడు. దాని బలమంతా తక్కువ పెట్టుకోవడంలో ఉంది. కంపెనీ మొత్తానికి ఈ మూడు నెలలకు ఒక్కటి పెట్టుకోండి.

దాని కోసం అమెరికా దాకా చూడక్కర్లేదు కూడా. మన జిల్లాలోనే ముల్కనూరు ఉంది. అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి 1956లో అక్కడ సహకార సంఘం పెట్టారు, 2000లో అదే ఊళ్లో ఆడవాళ్ల డెయిరీ మొదలైంది, 'స్వకృషి' పాల ప్యాకెట్ మీ ఇంటికి కూడా వచ్చే ఉంటుంది. పాల వ్యాపారంలో పనిని రేపటికి వాయిదా వేయడం కుదరదు, పొద్దున పోసిన పాలు పొద్దునే కొలవాలి, వెన్న శాతం చూడాలి, చల్లబరచాలి, బండి ఎక్కించాలి, ఒక్క చోట ఆగినా ఆ పూటే విరిగిపోతాయి, అందరికీ తెలిసిపోతుంది. మీ పనిలో అలా విరిగేది ఏమీ లేదు, అందుకే మూడు నెలలు ఎవరికీ తెలియలేదు. ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగింటికి, ఆ వారం చేసింది నిజమైన కస్టమర్ ఒకరికి చూపించాలి అని పెట్టుకోండి. తయారు కాకపోయినా చూపించాల్సిందే. ముల్కనూరుకు ఒక పొద్దున మీ తొమ్మిది మందినీ తీసుకెళ్లి చూపించండి కూడా.

మంచిర్యాల నుంచి: "అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్. రెండో మెషీన్ పెట్టి సామర్థ్యం పెంచాలని రెండేళ్లుగా అనుకుంటున్నాం. కొనేవాళ్లు బిల్లు కట్టడానికి నాలుగు నెలలు పడుతోంది, ఉన్న డబ్బంతా అక్కడే ఇరుక్కుంటోంది."

జవాబు: మీకు ప్లాను అక్కర్లేదు, వసూలు కావాలి. చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందా లేదా రాయలేదు. లేకపోతే ఈ వారమే చేయించండి, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది, ఏజెంటుకు డబ్బులివ్వక్కర్లేదు. ఆ నంబర్ ప్రతి బిల్లు మీద అచ్చు వేయించండి.

2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం మీలాంటి సూక్ష్మ, చిన్న తయారీదారు దగ్గర సరుకు తీసుకున్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం ఉంటే ఆ గడువులో, అది ఎంత ఉన్నా 45 రోజులు దాటకుండా, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ లెక్కన. పైగా 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, గడువులో కట్టని మొత్తాన్ని కొనుగోలుదారు తన పన్ను లెక్కలో ఖర్చుగా చూపించుకోవడం కుదరదు, కట్టిన ఏడాదే చూపించుకోవాలి. అందుకే ఈ విషయం వాళ్ల యజమానికన్నా వాళ్ల అకౌంటెంటుకు చెప్పడం మేలు, అతనికి వెంటనే అర్థమవుతుంది. కొని అమ్మే వ్యాపారులకు ఈ రక్షణ లేదు, తయారుచేసేవాళ్లకు, సేవలందించేవాళ్లకు ఉంది. మరీ మొండికేస్తే ఇలాంటి బాకీల కోసం కేంద్రం పెట్టిన ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు, కాకపోతే ఆ గిరాకీ మళ్లీ రాకపోవచ్చని తెలిసే చేయండి.

చట్టం తెలిసినంత మాత్రాన డబ్బు రాదు. సరుకు చేరిన ముప్పయ్యో రోజున ఫోన్ చేసేది ఎవరు? మీ ఇంట్లో, యూనిట్‌లో మొహమాటం లేని మనిషి ఒకరుంటారు, ఆ పని వాళ్లకివ్వండి, మీరు చేయొద్దు, ఉత్తరం చదివితేనే తెలుస్తోంది మీకు అడగడానికి మొహమాటమని. నాలుగు నెలలు రెండు నెలలకు తగ్గితే రెండో మెషీన్‌కు అప్పు కూడా తగ్గుతుంది.

వరంగల్ కొత్తవాడ నుంచి: "మా నాన్న, ఆయన తోటివాళ్లు కలిసి పది మగ్గాల మీద దర్రీలు (జంపఖానాలు) నేస్తారు. నేను డిగ్రీ చదివి వచ్చాను. కొత్త డిజైన్లు వేయించి నేరుగా ఆన్‌లైన్‌లో అమ్మాలని నా ఆలోచన, మొత్తం రాసిపెట్టాను. 2018లో వరంగల్ దర్రీలకు జీఐ, అంటే ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, మంచి అవకాశం. నాన్న మాత్రం 'ఆర్డర్ వచ్చినప్పుడు చూద్దాంలే' అంటారు. ఇంట్లో పెద్దవాళ్లే ఒప్పుకోకపోతే ఎలా?"

జవాబు: నాయనా, మీ నాన్నగారు వద్దనలేదు. శనివారం వచ్చేసరికి పది మగ్గాల వాళ్లకు కూలీ ఎలా ఇవ్వాలా అని ఆలోచిస్తున్నారు. ఇప్పుడున్న షావుకారు ధర తక్కువిచ్చినా శనివారానికి డబ్బిస్తాడు, నువ్వు చెప్పే ఆన్‌లైన్ గిరాకీ ఏ వారం వస్తుందో తెలియదు. వరంగల్‌లో ఆయన వయసు వాళ్లంతా ఒక పెద్ద దెబ్బ చూసినవాళ్లు. 1934లో మొదలైన ఆజంజాహీ మిల్లు వేల కుటుంబాలకు అన్నం పెట్టి, కళ్ల ముందే మూతపడింది. అంత పెద్ద మిల్లే పోయింది, మన పది మగ్గాలెంత అన్న భయం ఆ తరానికి ఉంటుంది, దాన్ని కాగితం చూపించి పోగొట్టలేవు.

పదింట్లో రెండు మగ్గాలు అడుగు, మూడు నెలలకు. ఎనిమిది ఎప్పటిలాగే షావుకారు పని చేస్తాయి. ఆ రెండు మగ్గాల మీద నేసేవాళ్లకు శనివారం కూలీ నీ జేబులోంచి ఇస్తానని చెప్పు, దానికి ఎంతవుతుందో ముందే లెక్కేసి పక్కన పెట్టు. లేకపోతే ఒక్క మగ్గమే అడుగు. ఎవరు నేస్తారన్నది నువ్వు తేల్చొద్దు, నాన్నగారినే చెప్పమను, ఆయన ఎంచిన మనిషి నేసిన దర్రీ బాగా రాకపోతే ఆయనే వచ్చి సరిచేస్తారు. నువ్వు రాసిన పన్నెండు డిజైన్లలో రెండే నేయించు. మగ్గం మీద డిజైన్ మారినప్పుడల్లా పోయే రోజులు ఉన్నాయి, వాటికి కూలీ ఎవరిస్తారన్నది నీ కాగితంలో లేదు.

జీఐ గురించి కూడా నిదానంగా ఆలోచించు. ఆ గుర్తు ఉన్నంత మాత్రాన దర్రీ అమ్ముడుపోదు, దాన్ని వాడుకోవాలంటే మీరు అధీకృత వినియోగదారుగా పేరు నమోదు చేయించుకోవాలి. చేయించారా లేదా మొదట కనుక్కో. తర్వాత ఫోటోల సంగతి. దూర ప్రాంతం వాళ్లు దర్రీని ముట్టుకోలేరు, కాబట్టి బరువెంత, ఎన్ని అడుగులు, ఉతికితే రంగు పోతుందా, ఇవన్నీ నువ్వే ఇంట్లో ఉతికి చూసి రాయాలి.

ఆ రెండు మగ్గాలకు విడిగా ఒక లెక్క పుస్తకం పెట్టు, నూలుకెంత, రంగుకెంత, కూలీకెంత, కొరియర్‌కెంత, ఎన్ని వెనక్కి వచ్చాయి, ఏ తేదీన డబ్బు పడింది. దాన్ని నీ ఫోన్‌లో పెట్టుకోకు. నాన్నగారు కూర్చునే చోట, మగ్గం గుంట పక్కన మేకుకు వేలాడదీయి, ప్రతి శనివారం రాత్రి ఆయన చేతే రాయించు. మూడు నెలలయ్యాక ఆ పేజీల ఫోటోలు నాకు పంపు, మిగతా ఎనిమిది మగ్గాల సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.